ఆ 5 లక్షలతో శిక్షణ పెట్టే ముందు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాగర్‌కర్నూల్ వైపు ఊరు, నాలుగు పొదుపు సంఘాల్లో కలిపి 42 మంది ఆడవాళ్లు, అమెరికాలో ఉన్న మీ ఊరి పిల్లలు పోగేసి పంపిన 5 లక్షలు. ఖర్చు తక్కువయ్యే, నేలనూ నీళ్లనూ పాడుచెయ్యని పద్ధతులు నేర్పించి, ఒక బతుకుదెరువు చూపించాలని మీ ఆలోచన. వానపాముల ఎరువు, పుట్టగొడుగులు, పొగలేని పొయ్యిలు, సోలార్ డ్రయ్యర్, పెరటి కోళ్లు, వీటిలో ఏది పెట్టాలి, ట్రైనర్‌గా ఎవరిని పిలవాలి అని అడిగారు. చివర్లో "ఇంతకుముందు రెండుసార్లు ట్రైనింగులు అయ్యాయి, ఏదీ నిలబడలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నా జవాబంతా ఆ ముక్క గురించే.

నేను 20 ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఒక స్వచ్ఛంద సంస్థలో, తర్వాత పొదుపు సంఘాలన్నీ కలిసే మండల సమాఖ్యల దగ్గర. బాగా జరిగిన వాటికంటే ముందు నా చేతుల మీదుగా చెడిపోయిన ట్రైనింగు ఒకటి చెప్తాను. ఒక ఊళ్లో 22 మందికి వానపాముల ఎరువు నేర్పాం. మూడు రోజులు, ఫ్లెక్సీ, భోజనాలు, సర్టిఫికెట్లు. ఒక్కొక్కరికి పదడుగుల సిమెంటు తొట్టి, కిలో వానపాములు. ఆరు నెలలకు చూడబోతే 22 తొట్లలో ఎరువు ఉన్నవి మూడే. ఒకదాంట్లో మేకపిల్లలు పడుకుని ఉన్నాయి. ఒకదాంట్లో వరిగడ్డి. ఒకదాన్ని శుభ్రంగా కడిగి బర్రెకు నీళ్ల తొట్టి చేశారు. నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఒకావిడను నిలదీసినట్టే అడిగాను. ఆమె నెమ్మదిగా అంది: "సారూ, పాములు మూడో దినానికే సచ్చినయ్. మిమ్ముల అడుగుదమంటే మీరు యాడుంటరో ఎవలకెరుక?"

పచ్చి పేడ వేస్తే ఆ వేడికి వానపాములు చచ్చిపోతాయి. పేడను రెండు మూడు వారాలు మాగనిచ్చి, చల్లబడ్డాక వెయ్యాలి. ఈ మాట మేం చెప్పలేదా అంటే చెప్పాం. రెండో రోజు భోజనాలయ్యాక, ఫ్యాను కింద సగం మంది కునికిపాట్లు పడుతున్నప్పుడు, గోడ మీద స్లైడు వేసి చెప్పాం. ఆమెకు ఆ మాట కావాల్సింది వారం తర్వాత, పేడ తట్ట ఎత్తి తొట్టి ముందు నిలబడినప్పుడు. అప్పుడు పక్కన ఎవరూ లేరు. పక్కింటావిడే వచ్చి పేడలో చెయ్యి పెట్టి చూసి "ఇంక ఉడుకుగనే ఉంది, ఆగవ్వా" అని ఉంటే ఆ తొట్టి బతికేది.

కాబట్టి ఏ టెక్నాలజీ అన్నది నన్నడిగితే మూడో ప్రశ్న. శిక్షణ అయిపోయాక మూడో రోజు, మూడో వారం, పదకొండో నెల ఆ ఇంటికి ఎవరు వెళ్తారన్నది మొదటి ప్రశ్న. అలా వెళ్లే మనిషికి జీతం ఎవరిస్తారన్నది రెండోది. ఈ రెంటికీ జవాబు దొరక్కపోతే ఆ 5 లక్షలు బ్యాంకులోనే ఉంచండి, వడ్డీ అయినా వస్తుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. రాజస్థాన్‌లో తిలోనియా అనే ఊళ్లో బంకర్ రాయ్ 1972లో మొదలుపెట్టిన సంస్థ ఉంది, బేర్‌ఫుట్ కాలేజీ అంటారు. చదువు రాని నడివయసు ఆడవాళ్లకు ఆరు నెలల్లో సోలార్ దీపాలు బిగించడం, బాగుచెయ్యడం నేర్పుతారు. భాష రాని వేరే దేశాల వాళ్లకు కూడా రంగుల గుర్తులతో, చేతి సైగలతో నేర్పేస్తారు. అందరూ ఆ ఫొటోలే చూస్తారు. నాకు నచ్చింది ఇంకోటి. మనిషిని శిక్షణకు పంపకముందే ఊళ్లో కమిటీ కూర్చుంటుంది. ప్రతి ఇల్లూ నెలకు ఇంత కట్టాలని ఒప్పుకుంటుంది. తిరిగొచ్చిన ఆవిడ రిపేర్లు చేస్తే ఆ డబ్బులోంచే ఆమెకు జీతం. అంటే దీపం వెలగకముందే దాన్ని బాగుచేసే మనిషి కూలి తేలిపోయిందన్నమాట.

మన దగ్గరికొస్తే పునుకుల. అప్పట్లో ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. పత్తికీ మిర్చికీ పురుగుమందులు కొట్టి కొట్టి అప్పుల్లో మునిగిన ఊరు. 1999లో సెక్యూర్ అనే చిన్న స్థానిక సంస్థ అక్కడ పని మొదలుపెట్టింది. మొదట ఒప్పుకున్నది ఒకరిద్దరు రైతులే. వాళ్ల చేను చూసి మిగతావాళ్లు, మొగుళ్లను ఒప్పించిన ఆడవాళ్ల సంఘాలు, అలా నాలుగైదేళ్లలో ఊరు ఊరంతా పురుగుమందు మానేసింది, పంచాయతీ తీర్మానం కూడా చేసింది. అక్కడ వేపగింజలు ఏరి, దంచి, పొడి అమ్మడం కొందరు ఆడవాళ్లకు ఉపాధి అయింది. ఆ తర్వాతే సెర్ప్ (ప్రభుత్వ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లు పొదుపు సంఘాల ద్వారా రసాయన మందులు లేని సాగును వేల ఊళ్లకు తీసుకెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయానికీ వెన్నెముక అదే: తన పొలంలో చేసి చూపించిన రైతే ఇంకో రైతుకు గురువు. ఒక రైతు పూర్తిగా మారడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుందని వాళ్లే లెక్కేసుకుని, అన్నాళ్లూ వెంట ఉండేలా మనుషుల్ని పెట్టుకున్నారు. 2024లో గుల్బెంకియన్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఈ కార్యక్రమం ఒకటి. మూడేళ్ల సహనం ఉన్న చోట పని నిలబడింది, మూడు రోజుల సభ పెట్టిన చోట ఫొటోలు మిగిలాయి. నేను రెండోదానిలోనూ ఉన్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

ఇక ఏది నేర్పాలి. నా లెక్క ఒకటే: మొదటి ఏడాది ఆదాయం తెచ్చే పని జోలికి పోవద్దు, ఖర్చు తగ్గించే పని పట్టుకోండి. ఆదాయం అంటే కొనేవాడు కావాలి, ప్యాకింగు కావాలి, రవాణా కావాలి, పోటీ ఉంటుంది. ఖర్చు తగ్గడానికి వేరే ఎవరి అనుమతీ అక్కర్లేదు. పత్తి చేలో ఒక్క పిచికారీ తగ్గినా ఆ డబ్బు ఆ రాత్రి ఇంట్లోనే ఉంటుంది. ఆ నమ్మకం కుదిరాక మీరు ఏం చెప్పినా వింటారు.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది, బయటి నుంచి వచ్చేవాళ్లకు కనపడదు. మీ ఊళ్లో చాలామంది మందులూ ఎరువులూ ఉద్దెరకు తెస్తారు. ఆ ఉద్దెర ఇచ్చే షావుకారే దీపావళి దాటాక పత్తి కొంటాడు. "ఈ ఏడు మందు వద్దు" అంటే రైతు మందు ఒక్కటే మానట్లేదు, రేపు పిల్ల పెళ్లికి అప్పిచ్చే మనిషిని దూరం చేసుకుంటున్నాడు. కషాయాల గురించి రెండు గంటలు చెప్పి ఈ మాట ఎత్తని ట్రైనర్‌ని రైతులు మర్యాదగా విని పంపేస్తారు. అందుకే మీ డబ్బులో కొంత భాగం గ్రామ సమాఖ్య ద్వారా తిరిగే అప్పుగా, అంటే ఒకరు కట్టాక ఇంకొకరికి ఇచ్చేలా, ఉండాలంటాను. వానాకాలం పెట్టుబడికి సంఘం నుంచి చిన్న అప్పు దొరికితే ఆ ఉద్దెర ముడి కొంచెం వదులవుతుంది.

మొత్తం చేను మార్చమని ఎవరినీ అడక్కండి. పది గుంటలు, అంటే పావెకరం, చాలు. మిగతా చేనులో వాళ్ల ఇష్టం వచ్చినట్టు చేసుకోనివ్వండి. పక్కపక్కనే రెండూ కనపడితే మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఆ పది గుంటల్లో ఏం నేర్పాలో చెప్తాను. మందు తయారీ తర్వాత, ముందు చూడటం నేర్పాలి. ఇండోనేసియాలో 1989లో వరి దోమపోటు మీద మొదలైన రైతు క్షేత్ర పాఠశాలలు మన దగ్గరికి పొలంబడి పేరుతో వచ్చాయి. వారానికోసారి పొద్దున్నే చేలో కలవడం, నాలుగైదు మొక్కలు ఆకు తిప్పి చూడటం, ఏ పురుగు చెడ్డది, ఏది దాన్ని తినే మిత్రపురుగు అని లెక్కపెట్టడం. అంతే పాఠం. ఒకసారి మిర్చి చేను గట్టున నాలుగు ఆముదం మొక్కలు పెట్టించాం, లద్దెపురుగుకు ఎర పంటగా. మూడో వారం ఒకమ్మాయి ఆకు తిప్పి "ఇదేంది, దూది లెక్క?" అంది. గోధుమరంగు నూగు కప్పిన ముద్ద, చిటికెన వేలి గోరంత. అవి లద్దెపురుగు గుడ్లు, ఒక్క ముద్దలో వందలుంటాయి. పక్క ఆకు చూస్తే అప్పుడే పొదిగిన పిల్లపురుగులు గుంపుగా ఉండి పచ్చదనం గీకేసి ఆకును జల్లెడ చేశాయి. ఆ రెండు ఆకులూ తెంపి కిరోసిన్ నీళ్లలో వేశారు. నిమిషం పని. వదిలేస్తే పది రోజుల్లో ఆ పురుగులే చేనంతా పాకేవి. అప్పుడు ఏం కొట్టినా పెద్దగా చావవు, పెద్ద పురుగు మొండిది. ఆ అమ్మాయి తర్వాత ఊరంతా జల్లెడాకులు వెతుక్కుంటూ తిరిగింది. ఈ పాఠం ఏ హాల్లోనూ చెప్పలేం.

తయారీ విషయంలో కూడా నాకు పాఠం చెప్పింది ఆడవాళ్లే. నేలకు బలమిచ్చే ద్రవజీవామృతం ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి అని బోర్డు మీద రాశాను. అందరూ తలూపారు. బయటికెళ్లాక ఒకావిడ వెనక్కొచ్చి "లీటర్లు, కిలోలు మాకేడియి సారూ, తట్టల్ల, బిందెల్ల చెప్పు" అంది. ఆ సాయంత్రం అందరం కూర్చుని కొలిచాం. వాళ్ల బిందె 15 లీటర్లది, అలాంటివి 13 పోస్తే డ్రమ్ము నిండుతుంది. పేడ ఎంతో వాళ్ల ఇంటి తట్టతోనే తూచి, తట్ట మీద సున్నంతో గీత గీశారు. ఆ ఊళ్లో ఎవర్నడిగినా ఇప్పటికీ బిందెల్లోనే చెప్తారు. మీరూ అలాగే చెయ్యండి. డ్రమ్ము నీడలో ఉండాలి, గోనెసంచి కప్పాలి, రోజుకు రెండుసార్లు కర్రతో ఒకే వైపుకు తిప్పాలి, రెండు రోజులయ్యాక వారం లోపు వాడెయ్యాలి.

దాని తర్వాత వచ్చే ప్రశ్న ముందే చెప్తున్నా, తప్పకుండా అడుగుతారు: "ఆవు లేనోళ్లం ఏం జెయ్యాలె?" మీ 42 మందిలో సగం మందికి ఆవుండదు, కొందరికి భూమే ఉండదు. వాళ్లను వదిలేస్తే మీ కార్యక్రమం భూమున్న వాళ్ల క్లబ్బు అవుతుంది. దీనికి కషాయాల దుకాణం మంచి దారి. ఆవులున్న ఇళ్ల నుంచి పేడ, మూత్రం కొని, వేపాకు, వేపగింజలు, సీతాఫలం ఆకు తెచ్చి, జీవామృతం, పురుగుల మీద కొట్టే నీమాస్త్రం, అగ్నిఅస్త్రం చేసి లీటరు లెక్కన అమ్మే పని భూమి లేని ఒకరిద్దరికి అప్పగించండి. చేనుకు పోయే దారిలో చిన్న షెడ్డు, నాలుగు డ్రమ్ములు, ఒక జల్లెడ, ఒక కాటా, అద్దెకిచ్చే రెండు స్ప్రేయర్లు. పనికి పోయొచ్చి అలిసిపోయిన మనిషి ఇంట్లో కషాయం కాచుకోదు, రెడీగా దొరికితే కొంటుంది. ఇది ఒప్పుకోవడానికి మాలాంటి వాళ్లకు చాలా ఏళ్లు పట్టింది, "ఎవరికి వాళ్లే చేసుకోవాలి" అని పట్టుబట్టేవాళ్లం.

నిజాయితీగా ఇంకో మాట. కషాయాలతో అన్నీ పోతాయని చెప్పకండి. పత్తిలో గులాబీరంగు పురుగు కాయలో దూరాక కషాయమూ చేరదు, కంపెనీ మందూ చేరదు. దానికి ఉన్న దారి మగ రెక్కల పురుగులను వాసనతో లాగే లింగాకర్షక బుట్టలు పెట్టి ఉధృతి చూసుకోవడం, పత్తిని డిసెంబరు, జనవరి దాటించి సాగదీయకుండా పీకేయడం, కట్టెను చేను పక్కన కుప్ప వెయ్యకుండా నాశనం చెయ్యడం. అదీ ఊరంతా చేస్తేనే. అబద్ధం ఒక్కటి దొరికితే మీరు చెప్పిన తొమ్మిది నిజాలూ పోతాయి.

ఊరంతా చెయ్యడం అంటే మీ పాలమూరు వైపు పెద్దవాళ్లకు ఒక పాత అనుభవం ఉంటుంది, అడిగి చూడండి. ఆముదం మీద ఎర్ర గొంగళిపురుగు పడి చేలు దులిపేసే రోజులు. దాని కోశాలు మట్టిలో పడుకుని ఉంటాయి, తొలకరి వాన పడగానే రెక్కల పురుగులు లేస్తాయి, వెలుతురుకు వస్తాయి. ఆ కొద్ది రాత్రుల్లో ఊరంతా పొలాల్లో మంటలు వేస్తే గుడ్డు పెట్టకముందే కాలి చస్తాయి. ఒక్కడు వేస్తే పక్క చేను పురుగులు కూడా వాడి దగ్గరికే వస్తాయి, అంతే లాభం. మిగిలిన గొంగళ్లకు గట్ల వెంట జిల్లేడు కొమ్మలు పరిస్తే వాటి మీద చేరతాయి, పొద్దున్నే ఏరేయొచ్చు. రూపాయి ఖర్చు లేదు. కావాల్సింది ఒక్క రాత్రి అందరూ ఒక మాట మీద ఉండటం, దానికి డప్పు వేయించే మనిషి.

కోళ్ల సంగతి కూడా సరిగ్గా ఇదే, అందుకే వ్యవసాయం తర్వాత మీ లిస్టులో నాకు నచ్చేది అదే. భూమి అక్కర్లేదు, డబ్బు ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది. కానీ అందరూ చేసేదేంటంటే రాజేంద్రనగర్ పౌల్ట్రీ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లలు తెచ్చి ఇంటికి పది పంచేస్తారు. మంచి జాతులే, కానీ అవి పొదుగుకు కూర్చోవు, ప్రతిసారీ పిల్లలు కొనాలి. రోజుల పిల్లలకు వేడి, దాణా, కుక్కలూ గద్దలూ. నెలకు సగం పోతాయి. నా సలహా, ముందు ఉన్న నాటుకోళ్లను బతికించండి. ఊళ్లో కోళ్లు చచ్చేది కొక్కెర తెగులుకు. దానికి టీకా ఉంది: పిల్లలకు ఏడో రోజున లసోటా చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూది. ఖరీదు ఏమీ కాదు. అయినా ఎవరూ ఎందుకు వేయించరు? సీసాలో 100 డోసులుంటాయి, ఒక్కో ఇంట్లో ఉండేవి ఏడెనిమిది కోళ్లు. సీసా కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, అప్పటిదాకా ఐసులో ఉండాలి. పది పదిహేను ఇళ్లు ఒకే పొద్దున ఒప్పుకుంటే తప్ప పని జరగదు. కోళ్లు గంప కింద ఉండగానే, తెల్లారకముందే వెళ్లాలి. ఒకసారి వదిలాక వాటి వెనకాల పరిగెత్తడం మీ వల్ల కాదు, నేను పరిగెత్తాను. ఒక అమ్మాయికి సూది వెయ్యడం నేర్పించి, ఐసు డబ్బా కొనిచ్చి, కోడికి ఇంతని తీసుకోమనండి. పశువుల డాక్టరు ఒక పూటలో నేర్పుతారు. ఆమె సంక్రాంతి ముందూ, ఎండాకాలం ముందూ ఊరు తిరిగితే ఆ ఏడు ఊళ్లో కోళ్లు ఎన్ని మిగిలాయో మీరే చూస్తారు. ఆ తర్వాత కావాలంటే వనరాజా తెచ్చుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. పుట్టగొడుగులు: పెంచడం తేలిక, వరిగడ్డి ఉంది, ముత్యపుచిప్ప రకానికి చలికాలం, పాల పుట్టగొడుగుకు ఎండాకాలం. చిక్కంతా కోసిన తర్వాత. ఫ్రిజ్ లేకపోతే ఒకట్రెండు రోజుల్లో నీరు కారిపోతుంది. నాకు తెలిసి పన్నెండు మంది నేర్చుకున్న చోట ఒక్కావిడ మిగిలింది, ఆమె తమ్ముడు ఒక హాస్టల్ మెస్సులో పనిచేస్తాడు, ఆ మెస్సే ఆమె మార్కెట్టు. ముందు కొనేవాణ్ని చూపించండి, తర్వాత బెడ్డు కట్టించండి. కొవ్వొత్తులు, ఫినాయిలు, అగరబత్తులు: ముడిసరుకు హైదరాబాద్ నుంచి, పోటీ కంపెనీలతో, వద్దు. సోలార్ డ్రయ్యర్: కొల్లాపూర్ మామిడి మీకు దగ్గర కాబట్టి తాండ్ర, ఒరుగులు ఆలోచించదగ్గవే, కానీ అమ్మాలంటే ప్యాకింగు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్, ఒక దుకాణంతో ఒప్పందం కావాలి. రెండో ఏడాదికి పెట్టుకోండి.

పొగలేని పొయ్యి గురించి మాత్రం కొంచెం ఆగుతాను. 1983లోనే కేంద్రం దేశమంతా ఒక కార్యక్రమం పెట్టి లక్షల పొయ్యిలు కట్టించింది. చాలావరకు మూలపడ్డాయి. గొట్టంలో మసి తీసేవాళ్లు లేక కొన్ని. ఇంకో కారణం నేను ఒక వంటింట్లో కూర్చుని చూశాను. జొన్నరొట్టె పెనం మీద కాలాక దాన్ని తీసి పొయ్యి నోటి దగ్గర నిప్పుల సెగకు ఆనిస్తారు, అప్పుడే పొంగుతుంది. మేం కట్టిన పొయ్యి నోరు చిన్నది, నిప్పులు లోపలికి పోతాయి, రొట్టె పొంగదు. "మీ పొయ్యిల రొట్టె గట్టిగైతంది, మా మామ తింటలేడు" అని పక్కనే మూడు రాళ్లు పెట్టుకుంది. పొయ్యి గీసిన ఇంజనీరు రొట్టె తింటాడేమో గానీ చేసి ఉండడు. ఇప్పుడు గ్యాసు వచ్చింది, సిలిండర్ ధరకు భయపడి కట్టెలూ వాడుతున్నారు. ఈ పని చెయ్యాలనుకుంటే ఒక నెల ఏ వంటింట్లో దేనికి కట్టెలు వాడుతున్నారో చూసి, నీళ్లు కాచుకునే పొయ్యితో మొదలుపెట్టండి. అక్కడ రుచి గొడవ ఉండదు.

ఎవరిని పిలవాలన్నారు. పెద్ద పేరున్న ట్రైనర్ కంటే మీ వాళ్లను బస్సెక్కించడం మేలు. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలో ఏనెబావి ఉంది, యాభై పైచిలుకు గడపల చిన్న ఊరు, ఏళ్ల కిందటే రసాయనాలు పూర్తిగా మానేసింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఉన్నారు, చిరుధాన్యాల విత్తనాలు వాళ్లే దాచుకుంటారు, 2008 నుంచి వాళ్ల సొంత రేడియో నడుపుతున్నారు, 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. ఒక దళిత మహిళ విత్తనాల బుట్ట ముందు కూర్చుని మీ ఊరి ఆడవాళ్లతో మాట్లాడటం చూడండి, నేను అరగంట చెప్పేది ఆమె రెండు నిమిషాల్లో చెప్తుంది. అక్కడ మీరు మైకు పట్టుకోవద్దు. వాళ్లనూ వీళ్లనూ వదిలేసి చెట్టు కింద టీ తాగండి.

సాంకేతిక సందేహాలకు పాలెంలో కృషి విజ్ఞాన కేంద్రం మీకు పక్కనే. కుట్టుమిషను, మొబైల్ రిపేరు లాంటివి అడిగే పిల్లలుంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకు పంపండి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనా అది, శిక్షణ, వసతి, భోజనం ఉచితం, పైగా తర్వాత రెండేళ్లు వెంటపడి కనుక్కునే పద్ధతి ఉంది. మీ డబ్బు దానికి ఖర్చుపెట్టక్కర్లేదు. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ వాళ్ల టెక్నాలజీ పార్కు ఒక రోజు చూసి రావచ్చు, మట్టి ఇటుకల ఇళ్లు, సోలార్ సామాన్లు అన్నీ ఒకచోట కనపడతాయి. చూసి రండి, ఆ రోజే ఏదీ కొనొద్దు.

ఇక డబ్బు. మీ 42 మందిలోంచే ఇద్దరిని ఎంచుకోండి. చదువు ముఖ్యం కాదు, పది ఇళ్లలో మాట చెల్లేవాళ్లు, వాళ్ల చేలో వాళ్లు చేసి చూపించేవాళ్లు. సంఘం లీడర్లే మళ్లీ ఇవీ పట్టుకోకుండా చూసుకోండి, ఇది కొంచెం గొడవయ్యే విషయం, అయినా తప్పదు. వాళ్లకు నెలకు 4 వేల చొప్పున రెండేళ్లు ఇస్తే 1 లక్షా 92 వేలు. బస్సు ప్రయాణాలకు 60 వేలు. కషాయాల దుకాణానికి, ఐసు డబ్బాకు, లింగాకర్షక బుట్టలకు కలిపి 50 వేలు. మిగిలిన దాదాపు 2 లక్షలు గ్రామ సమాఖ్య ఖాతాలో తిరిగే అప్పు. హాలు అద్దె, ఫ్లెక్సీ, సర్టిఫికెట్లు సున్నా. రెండేళ్ల తర్వాత ఆ ఇద్దరి జీతం ఎక్కణ్నుంచి అన్నది మొదటి మీటింగులోనే తేల్చండి: దుకాణం లాభంలోంచా, కోడికింత అని తీసుకునేదాంట్లోంచా, అప్పు వడ్డీలోంచా. తేలకపోతే రెండేళ్ల తర్వాత మీరు మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.

మీటింగులు రాత్రి భోజనాల తర్వాత పెట్టండి. పగలు పెడితే కూలి పోగొట్టుకుని ఎవరూ రారు, వచ్చేది కూలికి పోనక్కర్లేని వాళ్లే. ప్రొజెక్టర్ కొనుక్కునే ఆలోచన ఉంటే ఒక్కదానికే వాడండి: మీ ఊరి మనిషే తన చేలో చేసిన పని ఫోన్లో తీసి గోడ మీద చూపించడానికి. పక్క జిల్లా రైతు వీడియో వేస్తే "ఆళ్ల నేల వేరే" అంటారు. పక్కింటి రైతు కనపడితే ఆ మాట రాదు.

అమెరికా పిల్లలు ప్రతి నెలా ఫొటోలు, రిపోర్టు అడుగుతారు. వాళ్ల తప్పు కాదు, డబ్బు పెట్టారు. మొదటి ఏడాది వాళ్లకు పంపాల్సిన లెక్కలు రెండే అని ముందే చెప్పండి. పది గుంటల మడుల్లో ఎన్ని పిచికారీలు తగ్గాయి, సంక్రాంతికి ఇంటింటికీ ఎన్ని కోళ్లు మిగిలాయి. ఆ ఇద్దరు ఆడవాళ్లు నోటుపుస్తకంలో రాసిపెడతారు, పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి.

ఒక తొందర పని. వేపకాయలు రాలేది జూన్, జూలైలోనే. అది దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. ఈ వారమే సంఘం మీటింగులో చెప్పి, పండి రాలినవి ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి గోనెసంచుల్లో పెట్టమనండి. ఎండలో ఆరబెడితే పస పోతుంది. 5 కిలోల గింజల పొడి మూటగట్టి రాత్రి నానబెట్టి పిండితే 100 లీటర్ల పిచికారీకి వస్తుంది, కొంచెం సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట కొట్టాలి. ఆ పది గుంటల మడులన్నిటికీ రెండు మూడు పిచికారీలంటే ఏరాల్సింది తక్కువేమీ కాదు. భూమి లేని వాళ్ల దగ్గర సమాఖ్యే కిలోకింత అని కొనాలి. మీ 5 లక్షల్లో మొదటి ఖర్చు అదే అవనివ్వండి.